తల్లి ఒడియు, గాలిసంచియు

1952వ సంవత్సరము, వసంతకాలము, ఆదివారము. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున న్యూపోర్టు అను చిన్న ఊరి వెలుపల ఒక కారు పోవుచున్నది. దానిని నడుపుచున్న గృహస్థుని పేరు జాన్ హెట్రిక్. ఆయన ఇంజనీరు, రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా నౌకాదళమున పనిచేసినవాడు. ముందుసీటులోనే, ఆయనకును ఆయన భార్యకును నడుమ, ఏడేండ్ల కుమార్తె కూర్చుండియున్నది. జింకలేవైన దారికి అడ్డము దుముకునేమో యని చూచుచు వారొక మిట్ట ఎక్కి దిగునంతలో, రోడ్డు నడుమ పెద్ద బండ యొకటి కనబడెను. హెట్రిక్ చప్పున చక్రమును కుడివైపునకు త్రిప్పి బ్రేకు అదిమెను. కారు రోడ్డు దిగి ప్రక్కనున్న పల్లములోనికి పోయెను.

ఆ క్షణమున ఆ దంపతులిద్దరును, ఒకరితో ఒకరు చెప్పుకొనకయే, ఒకే పని చేసిరి. ఇరువురును చేతులు చాచి నడుమనున్న బిడ్డకు అడ్డము పెట్టిరి. అదృష్టవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని ఇంటికి తిరిగి వచ్చుచున్నంతసేపును హెట్రిక్ మనస్సును ఒకటే ప్రశ్న వేధించెను: కారు గుద్దుకొన్న తక్షణమే, మనిషి తల పోయి కారు లోపలి చెక్కకో ఇనుముకో తగులకుండ, మెత్తని వస్తువేదైన నడుమకు వచ్చి అడ్డుపడు ఏర్పాటు చేయరాదా? ఆ రాత్రియే ఆయన వంటయింటి బల్లయొద్ద కూర్చుండి చిత్రములు గీయ నారంభించెను.

నేడు కార్లలో ఎయిర్‌బ్యాగు అని అందరును పిలుచు గాలిసంచికి మూలములలో ఇది యొకటి. తలిదండ్రులు చాచిన చేతులకు బదులు చేయుటకై పుట్టిన సాధనమది. కాని ఆ చేతులకును ఈ సంచికిని ఒక భేదము కలదు. తల్లి చేయి బిడ్డ ఎక్కడనున్నదో ఎరుగును. సంచి ఎరుగదు. మనిషి సరియైన చోట, సరియైన విధమున కూర్చుండిననే అది రక్షించును; కాకున్నచో కొట్టును. ఈ సంగతి తెలియకయే కారెక్కువారు మన దేశమున పెక్కుమంది కలరు.

కారు ఆగును, మనిషి ఆగడు

రోడ్డు ప్రమాదమున జరుగు తాకిడి ఒకటి కాదు, రెండు. మొదటిది, కారు పోయి గోడనో చెట్టునో ఎదుటి బండినో ఢీకొనుట. రెండవది, కారులోని మనిషి పోయి కారునే ఢీకొనుట. ప్రాణము తీయునది తరచుగా ఈ రెండవదియే.

న్యూటను చెప్పిన మొదటి గతిసూత్రమును పాఠశాలలో వల్లింపని విద్యార్థి యుండడు. కదలుచున్న వస్తువు, బలమేదియు అడ్డుపడనంతవరకు, అదే వేగముతో అదే దిక్కునకు కదలుచునే యుండును. బస్సు డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేసినపుడు నిలబడినవారందరును ముందునకు తూలుట ఇందువలననే. గంటకు 54 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడకు గుద్దుకొని ఆగిపోయినను, లోపలి మనిషి ఆగడు. సెకండునకు 15 మీటర్ల చొప్పున అతడు ముందునకు పోవుచునే యుండును. అతనిని ఆపుటకు స్టీరింగు చక్రమో, ముందు అద్దమో ఎదురు రావలసినదే.

ఆ వేగము ఎంత ప్రమాదకరమో తెలిసికొనుటకు ఒక చిన్న లెక్క చాలును. ఎత్తునుండి పడు వస్తువు నేలను తాకునప్పటి వేగమును లెక్కించుట ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో గుద్దుకొనుట, సుమారు 5 మీటర్ల ఎత్తునుండి పడుటతో సమానము. 54 కిలోమీటర్లయినచో 11 మీటర్లకు పైమాట. అనగా మూడంతస్తుల మేడమీదినుండి పడుట. 72 కిలోమీటర్లయినచో 20 మీటర్లు. ఎదిగిన తాటిచెట్టు కొననుండి పడుట. వేగము రెండింతలైన ఎత్తు నాలుగింతలగుచున్నది. మేడమీద పిట్టగోడ దాపునకు బిడ్డను పోనీయని తల్లియే, అంతకంటె వేగముగ పోవు కారు ముందుసీటులో బిడ్డను నిలువబెట్టి వీథి చూపించును. అపాయము కంటికి కనబడకపోవుటయే ఇందులకు కారణము.

ఇట్లు పడినవాడు బ్రతుకుట యెట్లు? పల్లెలలో పిల్లలు అరుగుమీదినుండి గడ్డికుప్పలోనికి దుముకుచు ఆడుకొందురు, దెబ్బ తగులదు. అదే అరుగుమీదినుండి బండమీదికి దుమికిన కాలు బెణుకును. ఎత్తు ఒకటే, వేగము ఒకటే. భేదమంతయు ఆగుటకు పట్టు కాలములో నున్నది. బండ ఒక్కసారిగ ఆపును. గడ్డి క్రమముగ ఆపును. ఆగు కాలము పదింతలు పెరిగినచో, శరీరముపై పడు బలము పదవ వంతునకు తగ్గును. క్రికెట్టు ఆటగాడు వేగముగ వచ్చు బంతిని పట్టునపుడు చేతులు వెనుకకు లాగుకొనుట కూడ ఈ రహస్యము నెరిగియే. కారులో గడ్డికుప్ప పనిచేయునదియే గాలిసంచి. అదియునుగాక, చక్రపు అంచు రొమ్మున ఒక్కచోటనే గ్రుచ్చుకొనకుండ, దెబ్బను రొమ్మంతటికిని, ముఖమంతటికిని పంచిపెట్టును.

టార్పీడో నేర్పిన పాఠము

హెట్రిక్ మనస్సున ఆ రాత్రి మెదలినది యుద్ధకాలపు సంఘటన యొకటి. 1944లో ఆయన నౌకాదళపు కర్మాగారమున టార్పీడోలను బాగుచేయు పనిలో నుండెను. ఒకనాడు గుడ్డ కప్పియున్న టార్పీడోలోని సంపీడిత వాయువు పొరపాటున బయల్వెడలెను. ఆ గుడ్డ రెప్పపాటులో ఎగిరి పైకప్పును తాకెను. ఆ వేగమునే కారులో వాడుకొన్నచో! ఈ యాలోచనతో ఆయన 1952 ఆగస్టులో పేటెంటునకు దరఖాస్తు పెట్టుకొనెను. 1953 ఆగస్టు 18న అది మంజూరయ్యెను. ఇంచుమించు ఆ కాలముననే జర్మనీలో వాల్టర్ లిండరర్ అనునతడు ఇట్టి సంచికే వేరుగ పేటెంటు పొందెను. దశాబ్దము గడచిన పిదప జపానులో యసుసాబురో కొబోరి ఇదే పనికి పూనుకొని అనేక దేశములలో పేటెంటులు సంపాదించెను.

ఈ ముగ్గురిలో నెవ్వరికిని సంచి ఫలము దక్కలేదు. హెట్రిక్ కార్ల కంపెనీలకు లేఖలు వ్రాసెను; ఆదరణ లభింపలేదు. సంచి కార్లలోనికి వచ్చులోపుననే ఆయన పేటెంటు గడువు తీరిపోయెను. కొబోరి 1975లో, తన ఊహ లోకమున వ్యాపింపకమునుపే కన్నుమూసెను.

ఊహ సరియైనదే, చిక్కు కాలముతో వచ్చినది. కారు గుద్దుకొనుట మొదలు మనిషి చక్రమును తాకులోపల గడచు కాలము సెకండులో ఇరువదవ వంతో, అంతకు కొంచెము మించియో యుండును. అంతలోపల మూడు పనులు జరుగవలెను. ఇది నిజమైన ప్రమాదమా, కేవలము గతుకులో పడుటయా యని తేల్చుకొనవలెను. వాయువు పుట్టవలెను. సంచి నిండవలెను. సంపీడిత వాయువును గొట్టములద్వారా పంపి నింపుట అంత త్వరగా జరుగు పని కాదు. ఈ చిక్కు విడుటకు పదునైదేండ్లు పట్టెను.

రెప్పపాటులో జరుగు రసాయనము

మొదటి ముడిని విప్పినవారిలో అమెరికా ఇంజనీరు అల్లెన్ బ్రీడ్ ముఖ్యుడు. 1960 దశకపు చివర ఆయన కల్పించిన సాధనము చూచుటకు ఆటవస్తువువలె నుండును. చిన్న గొట్టములో ఒక ఉక్కుగుండు, దానిని పట్టియుంచు ఒక అయస్కాంతము, అంతే. కారు మామూలుగ బ్రేకు వేసినపుడు అయస్కాంతము గుండును విడువదు. గట్టిగ గుద్దుకొన్నపుడు మాత్రము, న్యూటను సూత్రము ననుసరించియే, గుండు అయస్కాంతమును విడిపించుకొని ముందునకు దొరలి విద్యుత్తు మార్గమును కలుపును. ఏ సూత్రము మనిషిని అద్దముమీదికి విసరుచున్నదో, ఆ సూత్రమునే కాపలాదారుగ నిలిపిన యుక్తి ఇది! నేటి కార్లలో గుండునకు బదులు గోటికంటె చిన్నదైన సిలికాను పలుక యుండును. దానిపై చెక్కిన సన్నని పుల్లలు వేగము తగ్గినపుడు కదలి, ఎంత తగ్గినదో ఎంత త్వరగా తగ్గినదో కంప్యూటరునకు తెలుపును. గతుకులో పడుటకును గోడకు గుద్దుకొనుటకును గల తేడాను కంప్యూటరు సెకండులో నూరవ వంతో, రెండు వంతులో గడచునంతలో తేల్చును. గట్టి గోడను సుమారు 16 మొదలు 25 కిలోమీటర్ల వేగముతో గుద్దుకొన్నంత దెబ్బ తగిలిననే ఎదురుసంచి విచ్చుకొనును. వెనుకనుండి మరియొక బండి తగిలిననో, బ్రేకు గట్టిగ వేసిననో అది విచ్చుకొనదు, విచ్చుకొననక్కరయు లేదు.

రెండవ ముడిని రసాయనశాస్త్రము విప్పినది. వాయువును దాచి తెచ్చుటకంటె, కావలసిన క్షణమున పుట్టించుట మేలని తేలెను. ఇందులకు తొలుత వాడినది సోడియం అజైడ్ అను తెల్లని పొడి. దీని ప్రతి అణువునందును ఒక సోడియము పరమాణువు, మూడు నత్రజని పరమాణువులు కలవు. విద్యుత్తు సోకగానే ఒక చిన్న తీగ కాలి నిప్పు అంటించును. సుమారు 300 డిగ్రీల వేడికి సోడియం అజైడ్ విడిపోవును. రెండు అణువుల పొడినుండి రెండు పరమాణువుల సోడియము, మూడు అణువుల నత్రజని పుట్టును. విద్యార్థులు ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును: 130 గ్రాముల పొడినుండి, సాధారణ ఉష్ణోగ్రతా పీడనములయొద్ద, సుమారు 67 లీటర్ల నత్రజని వచ్చును. ఒక పెద్ద పిడికెడు పొడి, డ్రైవరు ముందుండు సంచిని నింపుటకు చాలును. నత్రజని మనము పీల్చు గాలిలో ఇంచుమించు నాలుగింట మూడువంతులకు పైగా నున్నదే గనుక దానివలన హాని లేదు.

కాని దానితోపాటు పుట్టిన సోడియము మంచిది కాదు. నీరు తగిలిన మండిపోవు లోహమది. దాని పీడ వదలించుటకు ఆ పొడిలోనే పెట్లుప్పును, ఇసుకలోని ముఖ్యపదార్థమగు సిలికాను కలిపిరి. సోడియము పెట్లుప్పుతో కలిసి మరికొంత నత్రజనిని విడుదల చేయును. మిగిలిన పదార్థములు సిలికాతో కలిసి గాజుగ మారును. ఇట్లు మండు లోహము మండని గాజై ఊరకుండును. సోడియం అజైడ్ స్వతహాగ విషపదార్థ మగుటచే, 1990 దశకమునుండి తయారీదారులు క్రమముగ దానిని మాని గ్వానిడీన్ నైట్రేటు వంటి ఇతర పదార్థములను వాడుచున్నారు. కొన్ని ప్రక్కసంచులను సంపీడిత వాయువుతోనే నింపుచున్నారు. హెట్రిక్ ఊహ ఆ విధముగ కొంత నిజమైనది.

నైలాను గుడ్డతో కుట్టి, మడతలు పెట్టి, చక్రపు నడిబొడ్డున దాచిన సంచి గంటకు 160 మొదలు 320 కిలోమీటర్ల వేగముతో బయటికి దూకును. సంచి నిండిన తరువాత మనిషి వచ్చి దానిమీద పడును. పడగానే వెనుకనున్న రంధ్రములగుండ వాయువు బయటికి పోవుట మొదలిడును. ఈ రంధ్రములే సంచికి ప్రాణము. అవి లేకున్నచో సంచి బిగించిన బంతివలె మనిషిని వెనుకకు విసరును. ఉండుటచే అది దిండువలె క్రుంగుచు మెల్లగ ఆపును. ఇదంతయు ముగియుటకు పట్టు కాలము ఒక రెప్పపాటు.

ముప్పదియేండ్ల నిరీక్షణ

1973లో అమెరికాలో జనరల్ మోటార్సు వారు ఓల్డ్స్‌మొబీల్ టోరొనాడో అను కారులో గాలిసంచిని అమర్చి ప్రజలకు అమ్మిరి. కొనువారు కొద్దిమందియే యగుటచే కొన్నియేండ్లకే మానివేసిరి. ఆనాటి అమెరికనులలో పలువురు సీటుబెల్టు పెట్టుకొనరు. బెల్టునకు బదులుగ సంచి పనిచేయునని కొందరు తలచిరి. 1980-81 ప్రాంతమున జర్మనీలో మెర్సిడెస్ వారు సంచిని మరల ప్రవేశపెట్టినపుడు ఆ తలపును సరిదిద్దిరి. సంచి బెల్టునకు బదులు కాదు, బెల్టునకు తోడు. ఈనాటికిని చక్రముపై కనబడు ఎస్.ఆర్.ఎస్. అను మూడక్షరములలో మొదటిదాని అర్థమిదియే: తోడుగ నుండునది.

1990 మార్చిలో వర్జీనియా రాష్ట్రమున గాలిసంచులుగల రెండు కార్లు ఎదురెదురుగ ఢీకొనెను. డ్రైవర్లిద్దరును స్వల్పగాయములతో బయటపడిరి. ఆ మరుసటియేట అమెరికా ప్రభుత్వము కొత్త కార్లన్నిట సంచులుండవలెనని చట్టము చేసెను. 1987 మొదలు 2017 వరకు ఎదురుసంచుల వలన తమ దేశమున 50,457 ప్రాణములు నిలిచినవని అచ్చటి రహదారి భద్రతా సంస్థ లెక్కకట్టినది. మన దేశమున 2019 జూలై 1 మొదలు డ్రైవరు ప్రక్క సంచిని, 2021లో ఇచ్చిన ఆజ్ఞ ననుసరించి ముందుసీటులోని రెండవవారి సంచిని కొత్త కార్లకు తప్పనిసరి చేసిరి.

కాపాడు చేయియే కొట్టు చేయి

అమెరికాలో సంచులు వ్యాపించిన కొలది యేండ్లకే ఒక విషాదము బయటపడెను. ప్రాణాపాయము లేని చిన్న చిన్న తాకిడులలో కొందరు మరణించిరి. వారిని చంపినది తాకిడి కాదు, సంచి. 1990 మొదలు 2008 వరకు ఇట్టి మరణములు 290కి పైగా లెక్కకు వచ్చినవి. మృతులలో నూటికి ఎనుబదిమందికి పైగా బెల్టు పెట్టుకొననివారో, సరిగ పెట్టుకొననివారో. సంచికి ఎదుట కూర్చున్న ప్రయాణికులలో మరణించినవారు చాలవరకు పిల్లలు, చంటిబిడ్డలు. ఇందుమూలముననే 1998 నుండి అచ్చట సంచుల వేగమును తగ్గించిరి. తరువాత సీటులోనున్నవారి బరువును పసిగట్టి సంచిని అదుపుచేయు ఏర్పాటులును వచ్చినవి.

మన దేశమునకును ఈ దుఃఖము చేరినది. 2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక కారు లారీని ఢీకొనగా, ముందుసీటున తల్లి ఒడిలోనున్న రెండేండ్ల పాప మరణించినది. తక్కినవారు చిన్న గాయములతో బయటపడిరి. సంచి వచ్చి పాప ముఖమున ఒత్తుకొనుటయే కారణమని వార్తలు తెలిపినవి. అదేయేడు డిసెంబరులో నవీ ముంబయిలో ముందుసీటున కూర్చున్న ఆరేండ్ల బాలుడు ఈ విధముగనే అసువులు బాసెను.

సంచి ఇట్లు చేయుటకు కారణము తెలిసికొనుట కష్టము కాదు. అది విచ్చుకొను మొదటి కొన్ని అంగుళములలోనే దాని బలమంతయు నున్నది. నిండిన సంచిమీద పడుట గడ్డికుప్పమీద పడుట; నిండుచున్న సంచికి ఎదురగుట పిడిగుద్దు తినుట. బెల్టు పెట్టుకొనని మనిషి, బ్రేకు వేయగానే ముందునకు జారి, సంచి నిండకమునుపే దానికి ఎదురగును. ఒడిలోని బిడ్డ మొదటినుండియు అచ్చటనే యుండును. వెనుక తల్లి శరీరము, ముందు దూసుకొనివచ్చు సంచి. నడుమ బిడ్డ తల.

బిడ్డను గట్టిగ పట్టుకొందునని ఏ తల్లియైన అనుకొనును. కాని లెక్క వేరు. 10 కిలోల బిడ్డను ఎత్తుకొన్న తల్లి, గంటకు 54 కిలోమీటర్ల వేగమున పోవు కారులోనున్నదనుకొనుడు. కారు సెకండులో పదవ వంతున ఆగినచో, ఆ బిడ్డను ఆపుటకు కావలసిన బలము 150 కిలోల బరువును మోయుటకు చాలునంత. అనగా క్వింటాలున్నర ధాన్యపు బస్తాలను ముందుగ హెచ్చరిక లేకుండ చేతులమీద పట్టుటవంటిది. మాతృప్రేమ ఎంత గొప్పదైనను, చేతి కండరములకు ఆ శక్తి లేదు. తల్లి ఒడి ఇంటిలో బిడ్డకు లోకమందెల్ల సురక్షితమైన చోటు. కారు ముందుసీటులో అంతకంటె అపాయకరమైన చోటు లేదు.

కూర్చుండు పద్ధతి

ఇక ఆచరింపవలసిన నియమములు. ఇవి కొద్దియే, ఖర్చు లేనివే ఎక్కువ.

మొదటి నియమము బెల్టు. ముందువారికే కాదు, వెనుకవారికిని. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సూర్యానది వంతెనపై జరిగిన ప్రమాదమున ప్రసిద్ధ పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ మరణించెను. కారు ఖరీదైనదే, సంచులు కలదే. ముందుసీటులోని ఇద్దరు గాయములతో బ్రతికిరి. వెనుకసీటులోని ఇద్దరు మరణించిరి. వెనుకనున్నవారు బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. బెల్టు పెట్టుకొననపుడు మ్రోగు గంటను ఆపుటకై ఖాళీ కొక్కెమును గ్రుచ్చి ఊరకుండుట కొందరికి అలవాటు. అట్టి కొక్కెములను అమ్మరాదని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ వర్తకులను ఆజ్ఞాపింపవలసి వచ్చినది. గంటను మోసపుచ్చవచ్చును గాని, న్యూటను సూత్రమును మోసపుచ్చుట యెవరి తరము?

రెండవది దూరము. డ్రైవరు రొమ్మెముకకును చక్రపు నడిబొడ్డునకును మధ్య కనీసము 25 సెంటీమీటర్లు, అనగా జానెడును మరి రెండు వేళ్లును ఎడముండవలెను. పొట్టివారు సీటును వెనుకకు వాల్చియో, ఎత్తు పెంచియో ఆ దూరమును సంపాదించుకొనవలెను. చక్రమును గడియారముగ ఊహించి, చేతులను తొమ్మిదియు మూడును ఉండు చోటుల పట్టవలెను. నడిబొడ్డుమీద చేయి వేసి నడుపువాని చేతినే సంచి విసరి ముఖమున కొట్టును.

మూడవది పిల్లలు. పండ్రెండేండ్లలోపువారికి వెనుకసీటే తగిన చోటు. చంటిబిడ్డలను వారికై తయారైన ప్రత్యేకపు సీటులో, కారు వెనుకసీటున, ముఖము కారు వెనుకవైపునకు ఉండునట్లు కట్టవలెను. ఆ సీటును పనిచేయు సంచికి ఎదుట ముందుసీటులో ఎన్నడును పెట్టరాదు. ఏలయన బిడ్డ తల వెనుకభాగము సంచికి అంగుళముల దూరమున నుండును. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండ కారు నడిపినవారికి వేయి రూపాయల జరిమానా నిర్ణయించినది. జరిమానాకు వెరచి కాదు, బిడ్డను తలచి చేయవలసిన పని ఇది.

నాలుగవది, సంచి దారికి అడ్డు లేకుండుట. ముందుసీటున కూర్చున్నవారు కాళ్లు బారజాపి సంచి మూతమీద పెట్టుట మహాపాయము. సంచి విచ్చుకొన్నచో మోకాళ్లు ముఖమునకు తగిలి, తుంటి ఎముకలు విరుగును. భక్తితో దేవతామూర్తులను అచ్చటనే అంటించువారు కలరు. మూత పగిలినపుడు ఆ మూర్తియే రాయివలె ఎగిరివచ్చును. మూర్తి నుంచదలచినవారు మూతకు దూరముగ, కదలనట్లు అమర్చుకొనుట మేలు. ప్రక్కసంచులు సీటులోనే దాగియుండు కార్లకు కుట్టించిన మందపు తొడుగులు వేసినచో సంచి బయటికి రాజాలదు. కారు ముందు బిగించు ఇనుప కమ్ములు తాకిడి తీరును మార్చి, సెన్సార్లకు సరియైన వార్త అందనీయవు. కేంద్ర ప్రభుత్వము 2017 డిసెంబరులోనే వీటిని నిషేధింపుమని రాష్ట్రములకు వ్రాసినది.

అయిదవది, సంచి విచ్చుకొన్న తరువాతి సంగతి. కారులో పొగవంటి పొడి లేచును. మంటలంటుకొన్నవని బెదరవలసిన పని లేదు. అది మడతలు అంటుకొనకుండ చల్లిన పిండియు, రసాయన శేషమును. తలుపు తెరచి వెలుపలికి రావలెను. వేడెక్కిన భాగములను ముట్టరాదు. ముఖమును, చేతులను నీటితో కడుగుకొనవలెను. ఉబ్బసము కలవారు మరింత త్వరపడవలెను.

సంచియే చెడినచో

సంచి ఒక్కసారికే పనికివచ్చును. విచ్చుకొన్నదానిని మరల మడచి పెట్టుట కుదరదు, క్రొత్తది వేయించవలసినదే. కారు స్టార్టు చేయగానే ఎర్రగనో పసుపుగనో వెలుగు సంచి దీపము కొన్ని క్షణములలో ఆరిపోవలెను. ఆరకున్నను, అసలు వెలుగకున్నను సంచి పనిచేయకపోవచ్చునని గ్రహించి తయారీదారుల కర్మాగారమునకు తీసికొనిపోవలెను. పాత కారు కొనువారు ఈ దీపమును తప్పక చూడవలెను. పాడైన కార్లనుండి తీసిన సంచిని విప్పి చూచుట, సుత్తితో కొట్టుట ప్రాణాంతకము. అందులో మందుగుండు కలదు, పాతవానిలో విషమును కలదు.

తయారుచేసినవారి తప్పు వలనను సంచి చెడవచ్చును. జపాను దేశపు టకాటా కంపెనీ అమోనియం నైట్రేటుతో చేసిన సంచులు, ఏండ్లతరబడి వేడికిని గాలిలోని తేమకును గురియైన పిదప, అతిబలముగ ప్రేలి లోహపు ముక్కలను ప్రయాణికులపై చిమ్మెను. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల సంచులను వెనుకకు పిలిపింపవలసి వచ్చెను. 2017లో ఆ కంపెనీ దివాలా తీసెను. మన దేశమునను ఆ సంచులుగల కార్లను తయారీదారులు పిలిపించి భాగములు మార్చిరి. కావున కారు తయారీదారునినుండి అట్టి పిలుపు వచ్చినపుడు, వ్యయము లేని ఆ పనిని వాయిదా వేయుట తగదు.

హెట్రిక్ దంపతులు నాడు చేతులు చాచునప్పటికి వారి కారులో బిడ్డను కాపాడుటకు వేరు సాధనము లేదు. ఉన్న సాధనము ఆ చేతులే. నేడు బెల్టు కలదు, వెనుకసీటు కలదు, పిల్లల సీటు కలదు, సంచి కలదు. ఇన్నియుండియు బిడ్డను ఒడిలో పెట్టుకొని ముందుసీటున కూర్చుండుట, పుస్తకము చేతనుండియు చదువకుండుట వంటిది. బడిలో ఈ పాఠము విన్న బాలుడు ఆ సాయంకాలము ఇంటికి పోయి, చెల్లెలిని ముందుసీటు నుండి వెనుకకు పిలిచి బెల్టు బిగించిన యెడల, ఉపాధ్యాయుడు న్యూటను సూత్రమును చక్కగ బోధించినట్లే.